ఫెలోషిప్ పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

అమెరికాలో పిల్లల గుండె వైద్యంలో ఫెలోషిప్‌కు, అంటే ఆ శాఖలో నిపుణులయ్యే పైశిక్షణకు, దరఖాస్తు పెట్టేవాళ్ళు మొదట చూసేది ఆసుపత్రి పేరు. తర్వాత ఏటా అక్కడ ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయన్న లెక్క. ప్రోగ్రామ్ డైరెక్టర్ ఎవరన్నది చాలామంది ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి చూసుకుంటారు, అదీ పేరు సరిగ్గా పలకడానికి. పీడియాట్రిక్స్ రెసిడెన్సీ (పిల్లల వైద్యంలో తొలి శిక్షణ) అయ్యాక గడిపే ఆ మూడేళ్ళలో ఏ నెల ఎక్కడ పనిచేయాలో, వెనకబడితే ఎవరు పట్టించుకోవాలో తేల్చేది ఆ మనిషే. ఈ ఫెలో (శిక్షణలో ఉన్న డాక్టరు) ఇక సొంతంగా వైద్యం చేయగలడని చివర్లో రాసి ఇవ్వాల్సిందీ ఆయనే. ఆ మాట లేకపోతే నిపుణుడిగా గుర్తింపునిచ్చే బోర్డు పరీక్షకు దారి లేదు.

డివిజన్ చీఫ్ (విభాగాధిపతి) వేరు, ప్రోగ్రామ్ డైరెక్టర్ వేరు. చీఫ్ డబ్బూ నియామకాలూ సర్జన్లతో సఖ్యతా చూసుకుంటాడు. ఫెలోల బాగోగులు డైరెక్టర్ పని. ఒకప్పుడు ఈ రెండూ ఒకరే. హెలెన్ టాసిగ్ 1930లో జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల గుండె క్లినిక్ బాధ్యత తీసుకున్నారు. వినికిడి తగ్గిపోవడంతో స్టెతస్కోపు మీద ఆధారపడకుండా బిడ్డ ఛాతీ మీద చేయి ఆనించి గుండె చప్పుళ్ళను స్పర్శతో పట్టేవారు. ఆమె దగ్గర నేర్చుకున్న మేరీ ఆలెన్ ఎంగిల్, డాన్ మెక్‌నమారా లాంటివాళ్ళు వేరే ఊళ్ళకు వెళ్ళి అక్కడ విభాగాలు నిలబెట్టారు. 1962లో జర్మనీ నుంచి వచ్చిన పాత శిష్యుడు అలోయిస్ బోయిరెన్ గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుడుతున్న థాలిడోమైడ్ మందు సంగతి చెవిన వేస్తే, ఆమె స్వయంగా వెళ్ళి చూసొచ్చి అమెరికాను హెచ్చరించారు. గురుశిష్యుల మధ్య రాకపోకలు శిక్షణతో ఆగిపోలేదు కాబట్టే ఆ కబురు ఆమె దాకా వచ్చింది.

ఇవాళ అలాంటి ఒంటిచేతి రాజ్యాలు తగ్గాయి. డైరెక్టర్ సాధారణంగా ఏదో ఒక శాఖ మనిషి: ఎకో (అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే శాఖ), క్యాథ్ ల్యాబ్ (కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండెదాకా పంపి వైద్యం చేసే చోటు), కార్డియాక్ ఐసీయూ, కాకపోతే పరిశోధన. ఎవరైతే మేలో విడిగా వాదించుకునే కంటే, ఒకే బిడ్డ వీళ్ళ నలుగురి ముందుకూ వస్తే ఫెలోకు ఎవరి దగ్గర ఏం దక్కుతుందో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

పుట్టి పూట గడవని బిడ్డ. ఒళ్ళు నీలంగా ఉంది, ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. ఫెలో ఎకో ప్రోబ్ పట్టుకుని ఎడమ జఠరిక నుంచి బయలుదేరిన నాళాన్ని చూపించి, అది బృహద్ధమని అంటాడు. మంచి ఎకో గురువు ప్రోబ్ లాక్కోడు. "దాని వెంటే ఇంకొంచెం పైకి పో" అంటాడు. పోతే ఆ నాళం రెండుగా చీలుతుంది. చీలిందంటే అది ఊపిరితిత్తులకు పోయే నాళం. రెండు పెద్ద నాళాలూ తారుమారయ్యాయన్నమాట. ఆ నిమిషం ఫెలో నేర్చుకున్నది పేరు పెట్టేముందు నాళం వెంట చివరిదాకా వెళ్ళి చూడటం. ఎకో గదిలో గురువు రోజూ అదే కుర్చీలో ఉంటాడు. ప్రతి ఫెలో తీసిన ప్రతి బొమ్మా ఆయన కళ్ళ ముందు నుంచే పోతుంది. ఎవరు ఎదుగుతున్నారో, ఎవరు మూడు నెలలుగా అక్కడే ఆగిపోయారో మూల్యాంకన ఫారాలు చెప్పేలోపే ఆయనకు తెలిసిపోతుంది.

అదే బిడ్డకు ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం కలిసే దారి చాలకపోతే ఆ దారిని పెద్దది చేసే బెలూన్ సెప్టోస్టమీ చేయాలి. 1966లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కైండ్ లోకానికి చూపించిన పద్ధతి ఇది. కాథెటర్‌ను తొడ సిర నుంచి గానీ బొడ్డు సిర నుంచి గానీ ఎక్కించి, రెండు కర్ణికల మధ్య ఉన్న చిన్న రంధ్రం దాటించి, బెలూన్ ఉబ్బించి ఒక్క కుదుపుతో వెనక్కి లాగాలి. మెల్లగా లాగితే గోడ సాగుతుంది తప్ప చిరగదు. మరీ దూరం లాగితే వేరే ప్రమాదం. ఫెలో చేతి మీద తన చేయి వేసి ఆ కుదుపు ఎంతుండాలో చూపించే గురువు దొరకడం అదృష్టమే. క్యాథ్ మనుషులు డైరెక్టర్లైతే ఫెలోలకు ధైర్యం వస్తుంది, చేతి పనీ వస్తుంది. చిక్కల్లా వాళ్ళు దొరకడమే. పొద్దున బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కేసు ఎప్పుడు ముగిస్తాడో ఆయనకే తెలియదు. మధ్యాహ్నం రెండింటికి పెట్టుకున్న మీటింగ్ ఐదింటికి జరిగి, అప్పటికి అలసిపోయి వారం తర్వాతకు వాయిదా పడుతుంది. క్యాథ్‌లోకే వెళ్ళదలిచినవాళ్ళు మూడేళ్ళ తర్వాత ఎలాగూ అందులో ఇంకో ఏడాది శిక్షణకు పోతారు. తక్కినవాళ్ళ కోసం ఆ చేయి తిరిగిన మనిషి డైరెక్టర్ కుర్చీలో ఉండి తీరాలా? అక్కర్లేదంటాను.

ఇక ఐసీయూ. బిడ్డకు ప్రోస్టాగ్లాండిన్ (పుట్టాక మూసుకుపోయే ఓ నాళాన్ని తెరిచి ఉంచే మందు) ఎక్కుతోంది. దాంతో ఊపిరి ఆగిపోవచ్చు, వెంటిలేటర్ సిద్ధంగా ఉంచుకున్నావా అని రాత్రి రెండింటికి అడిగేది ఇక్కడి అటెండింగే, అంటే బాధ్యత గల సీనియర్ డాక్టరే. ఐసీయూ డైరెక్టర్లలో నాకు నచ్చేది వాళ్ళకు రాత్రులు తెలియడం. ఫెలో ఎంత అలిసిపోయాడో కాగితం మీద లెక్కలు చూడకుండానే పసిగడతారు. డ్యూటీ లేని వారాల్లో తీరిగ్గా దొరుకుతారు కూడా. కానీ ఫెలోల రాత్రి డ్యూటీలు ఎక్కువగా కావాల్సిందీ ఐసీయూకే. వారానికి 80 గంటలు దాటకూడదన్న ఏసీజీఎంఈ (శిక్షణ ప్రోగ్రాములకు గుర్తింపునిచ్చే సంస్థ) నియమం నాలుగు వారాల సగటు మీద నడుస్తుంది. ఆ సగటును అటూ ఇటూ సర్ది తన యూనిట్ ఖాళీలు పూడ్చుకోవాలన్న యావ మంచివాళ్ళకైనా వస్తుంది. రోటా (డ్యూటీల పట్టిక) వేసేదీ, ఆ రోటా వల్ల లాభపడేదీ ఒకరే అయితే ఎలా?

పరిశోధకుల సంగతి త్వరగా చెబుతాను. ఆ ప్రోస్టాగ్లాండిన్ వెనకున్న జ్ఞానం ల్యాబుల్లోంచి వచ్చిందే. బోస్టన్‌లో అలెగ్జాండర్ నాడాస్ దగ్గర శిక్షణ పొందిన ఏబ్రహాం రుడాల్ఫ్ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, గర్భంలోని గొర్రెపిల్లల మీద చేసిన పనితో పిండంలో రక్తం ఎలా తిరుగుతుందో విడమరిచాడు. అలాంటివాళ్ళు ఒక తరాన్నే తయారుచేయగలరు. అయితే అలాంటివాళ్ళు ఎక్కడో ఒకరుంటారు. గ్రాంటు గడువుల మధ్య పరుగెత్తే సగటు పరిశోధకుడికి, బోర్డు పరీక్ష భయంతో నిద్రపట్టని రెండో ఏడాది ఫెలోతో మాట్లాడే తీరిక ఉండదు. ప్రతి ఫెలో పరిశోధనకూ దాన్ని పర్యవేక్షించే స్కాలర్‌షిప్ ఓవర్‌సైట్ కమిటీ ఉండాలని బోర్డే అంటోంది కదా, ఆ పరిశోధకుణ్ణి అక్కడ కూర్చోబెట్టండి.

అందరినీ పక్కపక్కన పెడితే నా మొగ్గు ఎకో వైపే, లేదంటే ఔట్‌పేషెంట్ క్లినిక్ ఎక్కువగా చూసే మనిషి వైపు. రోజూ అందుబాటులో ఉండటం ఒక కారణం. వాళ్ళ విభాగం ఐసీయూలాగా ఫెలో చాకిరీ మీద అంతగా ఆధారపడకపోవడం రెండోది. లోపాలు లేవని కాదు. ఎకోలో చేయి తడబడే ఫెలోను అన్నిట్లోనూ అంతేనని తేల్చేసే జబ్బు వీళ్ళకు ఉంటుంది. ఫెలోల ప్రగతిని అంచనా వేసే క్లినికల్ కాంపిటెన్సీ కమిటీలో మిగతా శాఖలవాళ్ళు నోరు విప్పితేనే అది సర్దుకుంటుంది. దానికంటే పెద్ద లోపం, డివిజన్‌లో వీళ్ళ మాటకు ఒక్కోసారి బరువుండదు. క్యాథ్ ల్యాబ్‌లాగా డబ్బు తెచ్చే శాఖ కాదాయె. చీఫ్ దగ్గర చెల్లుబాటు లేని డైరెక్టర్ ఎంత మంచివాడైనా ఫెలోల తరఫున ఒక్క రాత్రి డ్యూటీ కూడా తగ్గించలేడు. అందుకే అసోసియేట్ డైరెక్టర్‌గా ఐసీయూ నుంచో క్యాథ్ నుంచో గట్టి గొంతున్న మనిషి ఉన్న చోటు ఇంకా మేలు.

వయసు మాటకొస్తే, నిన్నమొన్న ఫెలోషిప్ ముగించిన కుర్ర డైరెక్టర్‌కు కష్టం గుర్తుంటుంది, పెద్దాయనకు ఫోన్ చేస్తే ఉద్యోగం ఇప్పించే పరిచయాలుంటాయి. మొదటి ఏడాది ఒకరు కావాలి, మూడో ఏడాది ఇంకొకరు. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ను మాత్రం మర్చిపోకండి. జట్టు ఫొటోలో చివర నిలబడతారు గానీ వీసా కాగితాల దగ్గర్నుంచి సెలవుల దాకా కదిలేది వాళ్ళ చేతుల్లోనే. డైరెక్టర్లు మారుతుంటే కోఆర్డినేటర్ ఏళ్ళ తరబడి నిలిచిన చోటు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటుంది. ఏటా కోఆర్డినేటర్లే మారుతుంటే కాస్త ఆలోచించండి.

ఇంటర్వ్యూ రోజు డైరెక్టర్‌ను ఆయన బోధనా సిద్ధాంతం అడగొద్దు, అందరూ చక్కగానే చెబుతారు. డైరెక్టర్ గదిలో లేనప్పుడు ఫెలోలను అడగండి: ఈ మధ్య ఒకరు ప్రసూతి సెలవులోనో జబ్బు చేసో ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ రాత్రులు ఎవరు చేశారు? అటెండింగులు పంచుకున్నారంటే పగ్గాలు డైరెక్టర్ చేతిలోనే ఉన్నాయి. మిగిలిన ఫెలోల మీదే పడ్డాయంటే, చీఫ్‌కు ఎదురు చెప్పేవాళ్ళు అక్కడ లేరు.