ఉప్పునీరా, మురుగునీరా, ఏలేరు కాలువా: విశాఖకు ఏది మేలు?

ఎండాకాలంలో ట్యాంకర్ దగ్గర బిందెలు పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు అనే మాట ఇదే: "ఎదురుగా అంత సముద్రం ఉంది, మనకెందుకండీ ఈ టెన్షన్? ఇజ్రాయెల్ వాళ్లు తాగట్లేదా?"

తాగుతున్నారు. 2005లో ఆష్కెలాన్‌లో, 2013లో సోరెక్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే భారీ ప్లాంట్లు మొదలుపెట్టి కరువు భయం నుంచి చాలావరకు బయటపడ్డారు. కానీ అదే దేశం తన మురుగునీటిలో 85 శాతానికి పైగా శుద్ధి చేసి పొలాలకు పారిస్తోంది. ఈ సగం కథ మన మాటల్లో రాదు. నాకు మాత్రం అసలు పాఠం అందులోనే ఉందనిపిస్తుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీటిని గట్టి ఒత్తిడితో సన్నని పొర గుండా నెట్టి మంచినీరు తీయడానికి వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు పడుతుంది. రోజుకు 10 కోట్ల లీటర్ల ప్లాంటైతే 3, 4 లక్షల యూనిట్లు. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే దాని పొగ కూడా మన లెక్కలోదే. పైగా తోడిన నీటిలో సగానికి మించి, ఇంకా ఉప్పగా మారి, సముద్రంలోకే తిరిగి వెళ్తుంది. దాన్ని ఒడ్డునే కుమ్మరిస్తే ముందు నష్టపోయేది జాలరులు. లోతుకు గొట్టం వేసి, నీళ్లలో బాగా కలిసిపోయేలా వదలాలి. ఖర్చు తగ్గించుకుందామని ఈ పని వదిలేస్తే నేను ఒప్పుకోను.

మురుగునీటిలో ఉప్పు చాలా తక్కువ. అదే పద్ధతిలో శుద్ధి చేసినా కరెంటు మూడో వంతో, అంతకన్నా కాస్త ఎక్కువో సరిపోతుంది. తాగడానికి మనసొప్పదంటారా, తాగక్కర్లేదు. ఉక్కు కర్మాగారానికి, రిఫైనరీకి కావలసింది తాగునీరు కాదు కదా. చెన్నై 2019లో కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో ఇలా శుద్ధి చేసిన నీటినే పరిశ్రమలకు పంపడం మొదలుపెట్టింది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం యంత్రాలను చల్లబరచడానికి నేరుగా సముద్రపు నీరే వాడుతోంది.

ఇక ఏలేరు. ఏలేరు జలాశయం నుంచి విశాఖకు నీళ్లు తెచ్చే సుమారు 150 కిలోమీటర్ల కాలువ. నీరు చవకే కానీ వానను నమ్ముకోవాలి, రైతుతో పంచుకోవాలి. రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాలదీ వానను నమ్ముకున్న బతుకే.

మురుగునీటికీ ఒక చిక్కుంది. కుళాయిలు ఎండితే మురుగూ తగ్గుతుంది. వాన తప్పినా తప్పనిది సముద్రం ఒక్కటే. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయినా మీంజూరు, నెమ్మేలిల్లోని సముద్రపు నీటి ప్లాంట్లు నీళ్లిచ్చాయి. అందుకే సముద్రాన్ని పూర్తిగా పక్కన పెట్టమనను.

అయినా నా ఓటు ముందు మురుగునీటికే. పరిశ్రమలు దానికి మారితే, ఇప్పుడు వాటికి వెళ్తున్న ఏలేరు నీటిని ఇళ్లకు ఇవ్వొచ్చు. కొత్త చుక్క తోడక్కర్లేదు. ఆ తర్వాత కరువు ఏడాదికి ఆసరాగా ఒక చిన్న సముద్రపు నీటి ప్లాంటు, అదీ గొట్టం ఎక్కడ వేస్తారో గంగపుత్రులతో కూర్చుని మాట్లాడాకే.