మూడు వేసవులు వాడాక: మా మిద్దె తోటలో డ్రిప్, టైమర్

మాది విజయవాడ. మేడ మీద 42 గ్రో బ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు), సగానికి కోసిన డ్రమ్ములు నాలుగు ఉన్నాయి. టమాటా, వంగ, బెండ, గోంగూర, పుదీనా, రెండు మల్లె పొదలు, ఒక కరివేపాకు చెట్టు, పందిరి మీద బీర, సొర. 2023 మార్చిలో సన్న పైపులతో మొక్కల మొదట్లో చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్ కిట్, వేళకు నీళ్లు తెరిచి కట్టేసే టైమర్ పెట్టించాను. రెండూ కలిపి మూడున్నర వేలు అయింది. మూడు ఎండాకాలాలు వాడాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు చెడు చెబుతాను, ఎందుకంటే అది నన్ను ఏడిపించింది. మొదటి ఏడాది మే నెలలో పెళ్లికని నాలుగు రోజులు రాజమండ్రి వెళ్లాం. టైమర్ ఉంది కదా అని ధీమాగా వెళ్లాను. తిరిగొచ్చేసరికి టమాటా మొక్కలన్నీ ఎండి గలగలలాడుతున్నాయి. మొత్తం 11 బ్యాగులు పోయాయి. ట్యాంకులో సగం నీళ్లు అలాగే ఉన్నాయి, టైమర్‌లో లైటు వెలుగుతోంది, నీళ్లు మాత్రం రావడం లేదు.

కారణం తర్వాత తెలిసింది. నాకు అమ్మింది సోలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే వాల్వ్ ఉన్న టైమర్. అది తెరుచుకోవాలంటే నీటికి కొంత ప్రెజర్ ఉండాలి. మున్సిపల్ కుళాయికో మోటారుకో పెడితే బాగా పనిచేస్తుంది. మాది మేడ మీది ట్యాంకు. నిండుగా ఉన్నా నీటిమట్టం బ్యాగుల కంటే ఏడడుగులకు మించి ఎత్తు ఉండదు. ఒక కేజీ ప్రెజర్ (చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ) రావాలంటే దాదాపు 33 అడుగుల ఎత్తు కావాలి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ మోటారు వేసి ట్యాంకు నింపేవాళ్లం కాబట్టి ఎలాగో నడిచింది. మేము లేనప్పుడు నీళ్లు తగ్గాయి, వాల్వ్ తెరుచుకోవడం మానేసింది. అమ్మిన షాపతను ట్యాంకు ఎంత ఎత్తులో ఉందని ఒక్క మాట కూడా అడగలేదు. ఇప్పుడు నేను వాడేది బాల్ వాల్వ్ టైమర్. చిన్న మోటారు బాల్‌ని తిప్పి తెరుస్తుంది కాబట్టి ప్రెజర్ లేకపోయినా ఫర్వాలేదు. మేడ మీద ట్యాంకుకు పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం అడిగి కొనండి.

రెండో పాఠం స్టీలు గిన్నె నేర్పింది. డ్రిప్పర్ (పైపుకు గుచ్చే, నీటి చుక్కలు పడే చిన్న మూతి) మీద గంటకు 4 లీటర్లు అని రాసి ఉంటుంది. అరగంటకు 2 లీటర్లు పడుతున్నాయని ఏడాది పాటు నమ్మాను. అయినా మొక్కలు వాడిపోతున్నాయేమిటని ఒకరోజు గిన్నె కింద పెట్టి కొలిచాను. అరగంటలో పడింది దాదాపు 800 మిల్లీలీటర్లు. లైను చివర్లో ఉన్న బెండకైతే ఇంకా తక్కువ. ఆ 4 లీటర్ల లెక్క ఒక కేజీ ప్రెజర్‌కి. మన ట్యాంకు నీళ్లకు అంత రాదు. అప్పటినుంచి ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదున్నరకు 45 నిమిషాలు, సాయంత్రం ఆరున్నరకు అరగంట పెడుతున్నాను. పెద్ద బ్యాగులకు రెండేసి డ్రిప్పర్లు. బిగించిన రోజే నాలుగైదు చోట్ల గిన్నె పెట్టి కొలుచుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

మధ్యాహ్నం మాత్రం నీళ్లు వదలకండి. బిగించిన అబ్బాయి, ఎండ ముదిరినప్పుడే కదా దాహం అని 12 గంటలకు సెట్ చేసి వెళ్లాడు. నల్ల పైపులో నిలిచిన నీళ్లు ఆ వేళకు ఎంత కాగుతాయో చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది, చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ఆ నీళ్లు నేరుగా వేళ్ల మీద పడుతున్నాయి. ఇప్పుడు పైపును బ్యాగుల నీడలోంచి తిప్పి, పైన ఎండుటాకులు కప్పాను.

మధ్యాహ్నం మూడింటికి సొర ఆకులు గొడుగు మడిచినట్టు వేలాడతాయి. మొదట్లో చూడలేక బిందె పట్టుకుని పరిగెత్తేదాన్ని. సాయంత్రం ఎండ తగ్గాక వాటంతటవే లేస్తాయి. లేవకపోతేనో, పొద్దున్నే వాడి ఉంటేనో అది నిజమైన దాహం. అనుమానం వస్తే మట్టిలోకి రెండు అంగుళాలు వేలు పెడతాను. లోపల చల్లగా, తడిగా తగిలితే వదిలేస్తాను. అలా చూడకుండా పోసి పోసి ఒక వంగ మొక్కను పోగొట్టుకున్నాను. ఆకులు పసుపెక్కితే ఎండ దెబ్బనుకుని ఇంకా పోశాను. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి.

కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన బ్యాగులది ఇంకో తంటా. ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు తాగదు. మగ్గుతో పోస్తే అంచుల వెంట జారి కింది రంధ్రాల్లోంచి వచ్చేస్తాయి, మనం తడిసిందనుకుంటాం. బ్యాగు ఎత్తి చూస్తే దూదిలా తేలిక. అలాంటిదాన్ని నీళ్ల టబ్బులో గంటసేపు కూర్చోబెట్టాల్సిందే. డ్రిప్ పెట్టాక ఈ బాధ బాగా తగ్గింది, చుక్క చుక్కగా రోజూ పడుతుంటే పూర్తిగా ఎండే అవకాశం తక్కువ. టమాటా కాయల అడుగు నల్లబడటం కూడా తగ్గింది. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే వచ్చే సమస్య అది.

మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. రెండు నెలలకే డ్రిప్పర్ మూతి చుట్టూ తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై పాడవుతుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున కడిగితే చాలు. ఆదివారం ఫిల్టర్ కడగడం, పైపు చివరి మూత తీసి రెండు నిమిషాలు నీళ్లు వదలడం తప్పదు. టైమర్ బ్యాటరీలు మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఒకసారి మారుస్తాను.

సన్న పైపులకు తరచూ చిల్లులు పడుతుంటే ఎలుకలనుకున్నాను. ఒక మధ్యాహ్నం మెట్ల గది తలుపు సందులోంచి చూస్తే ఉడత. పైపును రెండు చేతులతో పట్టుకుని కొరికి, కారే చుక్క నాకుతోంది. ఎంత జాలేసిందో! ఆ రోజునుంచి పందిరి కింద మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాను. ఇప్పుడు చిల్లులు చాలా అరుదు.

డ్రిప్ ఒక్కటే పెట్టి మట్టిని ఎండకు వదిలేస్తే ప్రయోజనం సగమే. చెరకు రసం బండి దగ్గర పిప్పి తెచ్చి, తీపి పోయేదాకా కడిగి, ఆరబెట్టి మూడు అంగుళాల మందాన పరుస్తాను. కడక్కపోతే చీమలు పడతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా పిప్పి కింద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ఏప్రిల్ నుంచి పైన 50 శాతం షేడ్ నెట్ (ఎండను సగం ఆపే వల) ఉంటుంది. మల్లెకు మాత్రం నెట్ వెయ్యను, ఎండ తగ్గితే మొగ్గలు తగ్గుతాయి.

పది కుండీల లోపు ఉన్నవాళ్లకు డ్రిప్, టైమర్ అనవసరం. మగ్గుతో పోసుకుంటే ప్రతి మొక్కనూ రోజూ దగ్గరగా చూసినట్టు ఉంటుంది. పాతిక దాటితే తప్పకుండా పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులతో రోజూ ముప్పై బిందెలు మోసిన నాకు ఇది నిజంగా పెద్ద సాయం. మొన్న మేలో మళ్లీ ఊరెళ్లాం, ఈసారి ఆరు రోజులు. ట్యాంకు నింపమని పక్కింటి పిన్నిగారికి తాళం ఇచ్చి వెళ్లాను. తిరిగొచ్చి పైకెక్కితే మల్లెలు విచ్చుకుని ఉన్నాయి, బెండకాయలు కోసేవాళ్లు లేక ముదిరిపోయాయి.