జైలు గేటు దాటాక బీడీ జోలికి పోకుండా: ముందే మాట్లాడటమా, తర్వాత గమ్ ఇవ్వడమా?

కడప సెంట్రల్ జైలు నుంచి మనిషి సంచీ పట్టుకొని బయటికొస్తాడు. తీసుకుపోవడానికొచ్చిన బావమరిది ప్రేమగా బీడీ కట్ట తీసి, "దా బావా, ఒక దమ్ము లాగు" అంటాడు. నెలల తరబడి మానినవాడు కూడా అక్కడే జారిపోతాడు.

నికోటిన్ గమ్, అంటే పొగ తాగాలనే కోరికను తగ్గించడానికి కొద్దిగా నికోటిన్ (పొగాకులో అలవాటు పట్టించే పదార్థం) కలిపిన చూయింగ్ గమ్, మంచి సాయమే. 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. కానీ మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట. మెల్లగా నమలాలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. లోపల కూడా తాగుతూ వచ్చినవాడికి ఇది బాగా పనికొస్తుంది.

లోపలే మానేసినవాడి సంగతి వేరు. అతని ఒంట్లో నికోటిన్ ఎప్పుడో పోయింది. మిగిలింది అలవాటు, పాత స్నేహాలు, కోర్టు టెన్షన్. వాటికి గమ్ ఏం చేస్తుంది? విడుదలకు ముందే కూర్చోబెట్టి, "బావమరిది బీడీ ఇస్తే ఏమంటావన్నా?" అని అడిగి జవాబు పలికించాలి. అమెరికాలో పొగాకు నిషేధమున్న ఒక జైల్లో ఖైదీలతో ఇలా వారానికోసారి ఆరు వారాలు మాట్లాడారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం, విడుదలైన మూడు వారాలకు వాళ్లలో 25 శాతం మంది పొగ ముట్టలేదు. ఇలాంటి మాటలు జరగని ఖైదీలలో 7 శాతమే.

నేనైతే ముందు మాటలకే ఓటేస్తాను. ఇంటివాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి: గేటు దగ్గరికి బీడీలు తేవద్దు, టిఫిన్ తెండి. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ లైన్ (క్విట్‌లైన్) 1800-11-2356 నంబరు చీటీ మీద రాసి సంచీలో పెట్టండి.