విమానంలో బీరా, కాక్‌టెయిలా?

నల్లగొండ, పాలమూరు నుంచి శంషాబాద్ వచ్చి విదేశాలకు పోయేవాళ్లకే ఈ ప్రశ్న. దేశంలో తిరిగే విమానాల్లో ఎలాగూ మందు పొయ్యరు.

బీరు తేలికని అనుకుంటాం. 5 శాతం బీరు 330 మి.లీ. క్యాన్‌లో ఆల్కహాల్ 16 మి.లీ. పైనే. కాక్‌టెయిల్‌లో కలిపే 50 మి.లీ. వోడ్కాలో 20. పెద్ద తేడా ఏముంది? పైగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తక్కువ, దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత. బీరులోని గ్యాస్ కడుపులో ఇంకా ఉబ్బుతుంది. కిటికీ సీటైతే టాయిలెట్‌కు పోవడానికి పక్కవాళ్లను లేపాలి, అదో టెన్షన్.

కాక్‌టెయిల్ అంటే నా ఓటు టమాటా రసంతో చేసే బ్లడీ మేరీకే. విమానం హోరులో నాలుకకు తీపి సరిగా తెలియదు, టమాటా రుచి మాత్రం నిలబడుతుంది. ఈత కల్లు పులుపు అలవాటైనవాళ్లకు ఇది ఇంకా నచ్చుతుంది. తియ్యటి కాక్‌టెయిల్స్ జోలికి పోవద్దు.