ఆసియా వ్యవహారాల సదస్సులో ఆరుగురు అతిథి వక్తలు: ఒక శ్రోత సమీక్ష

అంతర్జాతీయ, ఆసియా వ్యవహారాలపై ఒక విశ్వవిద్యాలయం నిర్వహించిన రెండు రోజుల సదస్సుకు రుసుము కట్టి, పేరు నమోదు చేసుకుని, మొదటి సమావేశం నుంచి చివరి సమావేశం దాకా కూర్చుని విన్నాను. పరిశోధక విద్యార్థులు సమర్పించిన పత్రాల జోలికి ఈ సమీక్షలో పోవడం లేదు. వాటి మంచిచెడ్డలు చూడవలసింది వారి పర్యవేక్షకులు. ఆహ్వానం మీద వచ్చిన ఆరుగురు అతిథి వక్తల గురించే ఇక్కడ రాస్తున్నాను, ఇటువంటి సదస్సుకు బయటివాళ్లం రుసుము కట్టి వెళ్లేది ప్రధానంగా వాళ్లను వినడానికే గనుక. కార్యక్రమ పుస్తికలో ఒక్కొక్క అతిథికి అరపేజీ పరిచయం ఉంది. అందులో నిర్వహించిన పదవులు, అందుకున్న పురస్కారాలు, సభ్యత్వం వహించిన సంఘాలు వరుసగా ఉన్నాయి; ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది మాత్రం ఒక్క పంక్తితో సరిపెట్టారు. పరిచయం పొడవుకూ ప్రసంగం బరువుకూ పొంతన ఉండదని మొదటి పూటకే తేలిపోయింది.

కీలకోపన్యాసం చేసినవారు చాలాకాలం ప్రభుత్వంలో పెద్ద బాధ్యతలు చూసినవారు. వారికి కేటాయించినది ముప్పై నిమిషాలు, తీసుకున్నది యాభై అయిదు. ఈ శతాబ్దం ఆసియాదేనన్న మాట నేను లెక్కపెట్టినంతలో ఏడుసార్లు వినిపించింది. ఆసియా అంటే ఏ దేశాలు, అందులో ఎవరికి ఎవరితో పేచీ అన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. అంతకంటే ఇబ్బంది పెట్టినది ఒక చరిత్ర పొరపాటు. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జరిగిన ఆసియా-ఆఫ్రికా సమావేశంలో, ఏ అగ్రరాజ్య కూటమిలోనూ చేరని దేశాల అలీనోద్యమం పుట్టిందని వారు చెప్పారు. చాలామంది చేసే పొరపాటే ఇది, కానీ చిన్నది కాదు. బాండుంగ్‌లో పాల్గొన్న 29 దేశాలలో పాకిస్తాన్, థాయిలాండ్, ఫిలిప్పీన్స్ అప్పటికే అమెరికా చొరవతో 1954లో ఏర్పడిన ఆగ్నేయాసియా సైనిక కూటమిలో సభ్యులు. చైనాకు సోవియట్ యూనియన్‌తో 1950 నాటి మైత్రీ ఒడంబడిక ఉంది. కూటముల్లో చేరినవాళ్లూ చేరనివాళ్లూ ఒక్కచోట కూర్చుని, వలసపాలనకు వ్యతిరేకంగా ఒకే ప్రకటన మీద అంగీకారానికి రావడమే ఆ సమావేశంలోని విశేషం. అలీనోద్యమానికి తొలి శిఖరాగ్ర సమావేశం 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగింది, చైనా ఆ ఉద్యమంలో సభ్యదేశంగా ఎప్పుడూ చేరలేదు. ఈ రెండింటినీ ఒకటి చేసేస్తే, ఆసియా దేశాలు ఒకప్పుడు ఒక్కమాట మీద ఉండేవని, ఈమధ్యనే విడిపోయాయని విద్యార్థులు అనుకునే ప్రమాదం ఉంది. నా ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి చాలాసేపు కూర్చుంది. సమయం మించిపోయిందని చెప్పి సభాధ్యక్షులు ప్రశ్నలు లేకుండానే సమావేశం ముగించారు.

రెండో వక్త పదవీ విరమణ చేసిన దౌత్యవేత్త. ఆయన మొదలుపెట్టకముందే ఒక చిన్న తమాషా జరిగింది. ఈ సమావేశానికి చాతమ్ హౌస్ నియమం వర్తిస్తుందని, అంటే విన్న విషయాన్ని వాడుకోవచ్చుగాని ఎవరు చెప్పారో బయటపెట్టకూడదని నిర్వాహకులు ప్రకటించారు. లండన్‌లోని ఆ సంస్థలో 1927లో రూపుదిద్దుకున్న ఆ నియమం అధికారులు మనసు విప్పి మాట్లాడడానికి ఎంతో ఉపయోగపడుతుంది. కానీ అదే క్షణాన గది వెనక కెమెరా తిరుగుతోంది, ప్రసంగం ప్రత్యక్షంగా ప్రసారమవుతోంది. దౌత్యవేత్త కెమెరా వైపు ఒకసారి చూసి, నవ్వి, అయితే పత్రికల్లో వచ్చినంత మేరకే మాట్లాడతానని చెప్పారు. మనకు జరిగిన నష్టమెంతో ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

అయినా ఆయన ఇచ్చినది తక్కువేమీ కాదు. ఆగ్నేయాసియా దేశాల సంఘమైన ఆసియాన్ సంస్థ 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో అయిదు దేశాలతో మొదలైందని, 2025 అక్టోబరులో తూర్పు తిమోర్ చేరికతో సభ్యుల సంఖ్య పదకొండుకు చేరిందని రెండు వాక్యాల్లో చెప్పి, నేరుగా అసలు విషయానికి వచ్చారు: అక్కడ నిర్ణయాలు ఓటింగుతో జరగవు, ఏకాభిప్రాయంతో జరుగుతాయి, కాబట్టి ఒక్క దేశం ఒప్పుకోకపోయినా వాక్యం నిలవదు. 2012 జులైలో కంబోడియా రాజధాని నాంపెన్‌లో జరిగిన విదేశాంగ మంత్రుల సమావేశం దక్షిణ చైనా సముద్ర వివాదం గురించిన ప్రస్తావన దగ్గర తెగక, సంస్థ చరిత్రలో మొదటిసారిగా సంయుక్త ప్రకటన లేకుండానే ముగిసిన సంగతిని ఉదాహరణగా తీసుకున్నారు. తరువాత 2016 నాటి ప్రకటన నుంచి ఒక వాక్యాన్ని తెర మీద వేసి, కర్త ఎవరో చూడమన్నారు. వాక్యం మొదట్లో ఆందోళన చెందుతున్నది ‘మేము’. సముద్రాన్ని పూడ్చి నేలగా మార్చడం దగ్గరికి వచ్చేసరికి అది ‘కొందరు మంత్రులు’గా మారిపోయింది, వారి ఆందోళనను మిగిలినవాళ్లు గమనంలోకి తీసుకున్నారంతే. ఒకే వాక్యంలో కర్త మారడం వెనక ఎన్ని రాత్రుల బేరసారాలుంటాయో ఆయన వివరించిన తీరు, వ్యాకరణం చెప్పే మాస్టారిని గుర్తుకు తెచ్చింది. ఈ ఇరవై నిమిషాల కోసమైనా మొదటి రోజు ఉదయాన్ని క్షమించవచ్చు. ఒక్క లోటు చెప్పాలి: ఏకాభిప్రాయ పద్ధతి వల్ల మయన్మార్‌లో 2021 సైనిక తిరుగుబాటు తరువాత సంస్థ ఎంత నిస్సహాయంగా మిగిలిందో అడిగినప్పుడు, ఆ సంక్షోభంపై ఆసియాన్ నేతలు కుదుర్చుకున్న అయిదు అంశాల అంగీకారం గురించి పాఠ్యపుస్తకంలో ఉండే సమాధానమే చెప్పి తప్పుకున్నారు. కెమెరా లేకపోతే ఇంకేమైనా చెప్పేవారేమో.

మొదటి రోజు మధ్యాహ్నం మాట్లాడిన ఆర్థికవేత్త గురించి క్లుప్తంగానే రాస్తాను. విషయ పరిజ్ఞానానికి వంక పెట్టలేం. పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసిన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఆమె అంశం. అందులో అందరూ సుంకాల తగ్గింపు గురించే మాట్లాడతారని, నిజమైన మార్పు మూలస్థాన నిబంధనల్లో ఉందని ఆమె వాదించారు. చాలా వస్తువులకు విలువలో నలభై శాతం సభ్యదేశాలలో సమకూరితే చాలు, ఆ విలువ ఒకే దేశంలోది కానక్కరలేదు. ఒక దేశపు విడిభాగాన్ని మరో దేశంలో అమర్చి మూడో దేశానికి రాయితీ సుంకంతో పంపవచ్చు. ఇంత చక్కని విషయాన్ని యాభైకి పైగా స్లయిడ్లలో కుక్కారు. ఒక్కొక్క స్లయిడ్ మీద చీమల బారుల్లాంటి పట్టికలు. మూడో వరుసలో కూర్చున్న నాకే అంకెలు ఆనలేదు. 2019 నవంబరులో భారత్ ఆ చర్చల నుంచి ఎందుకు తప్పుకుందో చెప్పే భాగం చివర్లో ఉంది. అక్కడికి చేరేలోపు గంట మోగింది.

నాలుగో అతిథి ఒక విధాన పరిశోధన సంస్థ నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడారు. ముందే ముద్రణలో ఉన్న వ్యాసాన్ని చదివారు. మాట మధ్యలో మూడుసార్లు తెగింది. ఆ వ్యాసాన్ని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

రెండో రోజు ఉదయం సముద్ర న్యాయం బోధించే ఆచార్యురాలు మాట్లాడారు. ఆమె పరిచయం కార్యక్రమ పుస్తికలో అందరికంటే పొట్టిది, ప్రసంగం అందరికంటే గట్టిది. ల్యాప్‌టాప్ తెరవలేదు. తెల్లబోర్డు మీద ఒక చుక్క పెట్టి, ఇది సముద్రంలో నీటిపైకి తేలిన నేల అనుకోమన్నారు. దాని చుట్టూ 12 నాటికల్ మైళ్ల వ్యాసార్ధంతో ఒక చిన్న వృత్తం, 200 నాటికల్ మైళ్లతో ఒక పెద్ద వృత్తం గీశారు. చుట్టుపక్కల మరే నేలా లేదనుకుంటే, మొదటి వృత్తం వైశాల్యం సుమారు 1,550 చదరపు కిలోమీటర్లు, రెండోదానిది సుమారు 4,31,000. లెక్క ఆమె చెప్పలేదు, మా చేత చేయించారు. వెనక బెంచీల నుంచి జవాబులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అప్పుడు ఒకే ప్రశ్న వేశారు: ఈ చుక్కకు ఏ వృత్తం దక్కుతుంది?

అక్కడి నుంచి ఆమె 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడికలోని 121వ అధికరణానికి వచ్చారు. మనుషుల నివాసానికి గాని, సొంత ఆర్థిక జీవనానికి గాని ఆధారం కాలేని రాతిగుట్టలకు ప్రాదేశిక జలాలు, అంటే ఆ చిన్న వృత్తం, ఉంటాయి తప్ప ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే ఆ పెద్ద వృత్తం, ఉండదని అందులో ఉంది. పోటు సమయంలో మునిగిపోయి ఆటు సమయంలో బయటపడే మిట్ట అయితే, సాధారణంగా ఆ చిన్న వృత్తం కూడా దక్కదు. ద్వీపం, రాతిగుట్ట, ఆటుమిట్ట అనే ఈ మూడు పేర్లలో ఏది తగిలిస్తారన్న దాని మీదే వందల రెట్ల సముద్రం ఆధారపడి ఉంటుంది. చైనా మీద ఫిలిప్పీన్స్ వేసిన కేసులో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ 2016 జులై 12న ఇచ్చిన తీర్పులో, దక్షిణ చైనా సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల సమూహంలో సహజంగా ఏర్పడినవాటిలో అన్నిటికంటే పెద్దదైన ఇటు అబా కూడా న్యాయపరంగా రాతిగుట్టేనని తేల్చింది. అక్కడ బావులున్నాయి, చెట్లున్నాయి, తైవాన్ సిబ్బంది ఉన్నారు. మరి నివాసం కాదా అని ఒక విద్యార్థి అడిగాడు. బయటి నుంచి సరఫరాలు అందిస్తూ అధికారులను నిలబెట్టడం వేరు, ఒక సమాజం అక్కడ స్థిరపడి బతకడం వేరని ట్రైబ్యునల్ చూపిన తేడాను ఆమె వివరించారు. ఆ వెంటనే, ఈ వ్యాఖ్యానం మరీ కఠినమైనదని విమర్శించే న్యాయ పండితులున్నారని, అదే కొలతతో చూస్తే అనేక దేశాల మారుమూల దీవులకు చిక్కు వస్తుందని కూడా తానే చెప్పారు. చైనా ఆ విచారణలో పాల్గొనలేదని, తీర్పును తిరస్కరించిందని చెప్పి, ఒడంబడికను పాటించాలని తరచూ చెప్పే అమెరికా దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదని అదే గొంతుతో జోడించారు. ఎవరి పక్షమూ వహించకుండా మాట్లాడడమంటే ఏమీ చెప్పకుండా మాట్లాడడమని అపోహపడే వక్తలు ఈ గంటసేపు వినవలసింది.

తీర్పు వెలువడిన రెండు వారాల లోపే లావోస్ రాజధాని వియంటియాన్‌లో ఆసియాన్ మంత్రులు విడుదల చేసిన ప్రకటనలో ఆ తీర్పు ప్రస్తావనే లేదు. ముందురోజు దౌత్యవేత్త తెర మీద చూపినది సరిగ్గా ఆ ప్రకటనలోని వాక్యమే. వీరిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఉంటే, న్యాయం గెలిచిన చోట దౌత్యం ఎందుకు మౌనం వహించిందన్న చర్చ తప్పకుండా నడిచేది. ఆయన ముందురోజు సాయంత్రమే వెళ్లిపోయారు. ఒకరి మాటను ఇంకొకరు వినే అవకాశం లేకుండా అతిథులను పిలవడం ఈ సదస్సు రూపకల్పనలోని అసలు లోపమని నా అభిప్రాయం.

చివరి అతిథి మెకాంగ్ నది వెంట చాలా ఏళ్లు తిరిగి వార్తలు రాసిన విలేకరి. వర్షాకాలంలో మెకాంగ్ ఉప్పొంగినప్పుడు కంబోడియాలోని టోన్లే సాప్ నది వెనక్కి ప్రవహించి, అదే పేరున్న సరస్సును నింపి, దాని విస్తీర్ణాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. ఆ దేశంలో చేపల మీద బతికేవాళ్ల జీవనం ఆ వెనకడుగు మీదే ఆధారపడి ఉంది. ఒకే చోట వేర్వేరు సంవత్సరాల్లో తీసిన రెండు ఫోటోలు ఆయన చూపించారు. మొదటిదానిలో స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి మెట్లు సగం నీటిలో ఉన్నాయి, రెండోదానిలో అదే ఇంటి కింద ఎండిన నేల మీద పడవ పక్కకు ఒరిగి ఉంది. కారణం ఎగువ ఆనకట్టలేనని ఆయన తేల్చేశారు. సభలో ఉన్న ఒక జలవనరుల ఇంజినీరు లేచి, 2019లో రుతుపవనాలు ఆలస్యమై వర్షం కూడా తగ్గిందని, రెండు కారణాలనూ విడదీయకుండా తీర్పు చెప్పలేమని అన్నారు. వక్త వాదనకు దిగలేదు. తన ఫోటోలు ఫలితాన్ని చూపుతాయిగాని కారణాన్ని చూపలేవని ఒప్పుకున్నారు. 1995లో ఏర్పడిన మెకాంగ్ నదీ సంఘంలో కంబోడియా, లావోస్, థాయిలాండ్, వియత్నాం మాత్రమే సభ్యులని, ఎగువన ఉన్న చైనా, మయన్మార్ సంభాషణ భాగస్వాములేనని, అందుకే నీటి విడుదల లెక్కలే ఒక దౌత్య వ్యవహారమవుతాయని ఆయన చెప్పిన మాట మాత్రం ఆ ఇంజినీరు కూడా తలూపిన మాట.

ఆరుగురిలో మధ్య ఆసియా గురించి గాని, పశ్చిమ ఆసియా గురించి గాని ఒక్కరూ మాట్లాడలేదు. సదస్సు పేరులోని ఆసియా, కార్యక్రమంలోని ఆసియా కంటే చాలా పెద్దది. దక్షిణాసియా సహకార సంస్థ సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014లో కాఠ్మాండూ తరువాత మళ్లీ ఎందుకు జరగలేదన్నది విద్యార్థులు చీటీల మీద రాసి పంపిన ప్రశ్నలలో ఉందట. దానికి జవాబు చెప్పగల అతిథి ఎవరూ లేనందున పక్కన పెట్టారని సమన్వయకర్త దాపరికం లేకుండా చెప్పారు.

ప్రసంగాల వీడియోలను విశ్వవిద్యాలయం తరువాత నమోదు చేసుకున్నవారికి పంపింది. కీలకోపన్యాసం యాభై అయిదు నిమిషాలూ పూర్తిగా ఉంది. సముద్ర న్యాయ ప్రసంగంలో మాట వినిపిస్తుంది, కానీ కెమెరాను వేదిక మీది బల్లకు గురిపెట్టి బిగించారు. ఆచార్యురాలు బోర్డు దగ్గరికి నడిచిన తరువాత తెర మీద మనకు కనిపించేది ఖాళీ కుర్చీ, మూత తీయని ఒక నీళ్ల సీసా.