మర్రిగూడ నుంచి చికాగో: సీటు అప్‌గ్రేడ్ ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ దండగ

మా ఇంట్లో విమానం సీటు గురించి ఇంత చర్చ జరగడానికి కారణం నాయన నడుము. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఆయనది. వెన్ను బిగుసుకుపోయింది, పక్కకు చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. అలాంటి మనిషిని, అమ్మను చికాగోలో తమ్ముడింటికి తీసుకెళ్లి తీసుకురావాలి. శంషాబాద్ నుంచి గల్ఫ్ దాకా 4 గంటలు, అక్కడ విమానం మారి చికాగోకు దాదాపు 15 గంటలు.

తమ్ముడు మొదట్లోనే "బిజినెస్ క్లాస్ తీసెయ్ అక్కా" అన్నాడు. ధర చూస్తే ఎకానమీకి మూడు రెట్ల పైమాటే. దానికితోడు పన్ను. ఇక్కడ కొనే టికెట్‌కు ఎకానమీలో జీఎస్టీ 5 శాతమైతే, ఆ పై తరగతులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం చేశారు. అందుకే ఎకానమీలోనే తీసుకుని, మరీ అవసరమైన చోట పైకి మారుదామనుకున్నాం.

టికెట్ బుక్ అయ్యిందో లేదో, సీట్లు అమ్మడం మొదలవుతుంది. వాటిలో కాళ్లు చాపుకునే సీటు అన్నిటికన్నా ఖరీదు. చూడగానే నాయనకు ఇదే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఎమర్జెన్సీ డోర్ పక్క వరుస పెద్దవాళ్లకు, నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇవ్వరు. ప్రమాదం వస్తే అక్కడ కూర్చున్నవాళ్లే తలుపు తీయడానికి సాయపడాలి. ఇక గోడకు ఎదురుగా ఉండే మొదటి వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి, టేకాఫ్ అప్పుడు చేతిసంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. మందుల సంచి కూడా పైకి పోవాల్సిందే. ట్రే చెయ్యి ఆనించే ఆర్మ్‌రెస్ట్‌లోనే ఉండటంతో అది పైకి లేవదు. వంగలేని మనిషి పక్క నుంచి జరిగి కూర్చోవాలంటే ఆర్మ్‌రెస్ట్ లేవాలి కదా! చివరకు ముందు వైపు నడవా పక్క సీట్లు రెండు డబ్బులు కట్టి తీసుకున్నాం.

శంషాబాద్‌కు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి బొంగులూరు దగ్గర ఔటర్ ఎక్కాం. తెల్లవారుజాము విమానం కదా, ఎయిర్‌పోర్టు దగ్గర రూమ్ తీసుకోమని చాలామంది చెప్పారు. రెండు గంటల దారికి అది దండగే అనిపించింది. మహబూబ్‌నగర్ వాళ్లకైతే 44వ నంబర్ హైవే నేరుగా శంషాబాద్ మీదుగానే పోతుంది. అచ్చంపేట అవతలి నుంచి ముసలివాళ్లతో వచ్చేవాళ్లు మాత్రం రూమ్ తీసుకుని నడుం వాల్చడమే మేలు.

కౌంటర్ దగ్గర అసలు కథ తెలిసింది. విమానం రకం మారిందట, మేం డబ్బులు కట్టిన సీట్లు పోయాయి. కొత్తగా వచ్చినవి మధ్య సీట్లు, అవీ వేరువేరు వరుసల్లో. నాకు టెన్షన్ మొదలైంది. అప్పుడు పనికొచ్చింది వీల్‌చైర్. టికెట్ తీసిన రోజే దాన్ని అడిగి ఉంచాం (కనీసం 48 గంటల ముందు చెప్పాలి), పైసా కట్టలేదు. వీల్‌చైర్ రిక్వెస్ట్ చూసి కౌంటర్‌లో అమ్మాయి నాయనకు టాయిలెట్ దగ్గర్లో నడవా పక్క సీటు, పక్కనే అమ్మకు సీటు వేసింది. ఇమిగ్రేషన్‌లో లైన్ కూడా తప్పింది. కట్టిన సీటు డబ్బులు రావడానికి మాత్రం మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు, బిజినెస్ సీటుకు మీరే ధర చెప్పండి అంటూ ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చింది. వేలంపాట అన్నమాట. గీత మీద ముల్లు జరుపుతుంటే "అవకాశం తక్కువ", "అవకాశం బాగుంది" అని చూపిస్తుంది. అది చూసి ఉత్సాహపడి ముల్లును పైకి జరపకండి. ఎన్ని సీట్లు ఖాళీ, ఎంతమంది పోటీ అన్నది అందులో కనిపించదు. అక్కడ కనిపించే ధర ఒక్క మనిషికి, ఒక్క విమానానికి. ఒకే బుకింగ్‌లో ఎంతమంది ఉంటే అంతమందికీ కలిపి పాడాలి. నా టికెట్ విడిగా ఉంది కాబట్టి అమ్మానాయనలకు మాత్రమే పాడగలిగాం. పాట ఖాయమైతే డబ్బు వెనక్కి రాదు. డాలర్లలో తీసుకుంటే కార్డు వాళ్ల విదేశీ చార్జీ వేరే. లాంజ్ ఉందా, లగేజీ పెరుగుతుందా అన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది, షరతులు చదవాల్సిందే.

మాకు కనీస ధర గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు మనిషికి 28 వేలు, చికాగో నుంచి గల్ఫ్‌కు 72 వేలు చూపించింది. చూడటానికి మొదటిది చవక. కానీ 4 గంటలకు 28 వేలంటే గంటకు 7 వేలు. రెండోది సుమారు 13 గంటలు, అంటే గంటకు ఐదున్నర వేలు, పైగా రాత్రి ప్రయాణం. చిన్నదాన్ని వదిలేసి, పెద్దదానికి కనీస ధర మీద కొంచెం పెంచి పెట్టాం. బయల్దేరే ముందు రోజు ఖాయమైంది.

అమ్మ దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా పడుకుంది. నాయన సంగతి వేరు. సీటు మంచంలా చదునుగా పరుచుకున్నా, బిగిసిన వెన్నుకు చదునుగా పడుకోవడమే కష్టం. నడుము కింద రెండు దిండ్లు పెట్టించుకుని, ఇంట్లో పడక కుర్చీలో ఉన్నట్టు సగం వాలి ఉండిపోయాడట. ఆయనకు కలిసొచ్చింది సీటు కాదు, నాలుగడుగుల్లో టాయిలెట్ ఉండటం. నన్ను ఆ క్యాబిన్‌లోకి రానివ్వరు, కర్టెన్ దగ్గరే ఆపేశారు. సిబ్బందే ఆయన్ను లేపి తీసుకెళ్లారు. లేవడానికి మనిషి సాయం తప్పనిసరైన వాళ్లను ఇలా ఒంటరిగా ముందుకు పంపకూడదు. నాయనకు పక్కన అమ్మ ఉంది కాబట్టి సరిపోయింది.

భోజనం దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ. గుడ్డ పరిచి ఒక్కొక్కటిగా తెచ్చి పెడుతుంటే "అన్నం ఎప్పుడు పెడ్తరు?" అని నాయన ఎయిర్‌హోస్టెస్‌ను తెలుగులోనే అడిగాడట. అమ్మ పచ్చడి సీసా తీయబోతే వద్దన్నాడట.

మళ్లీ వెళ్తే నడవా సీటు, వీల్‌చైర్ ముందే అడుగుతాం. వేలం పాడితే రాత్రి విమానానికే పాడతాం. అసలు ఖర్చెంతో నాయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "కొడుకు కట్టిండు, నాకెర్క లేదు. కానీ అంత పెద్ద కుర్సీల సల్ల నీళ్లు మాత్రం మస్తు ఇచ్చిన్రు" అంటున్నాడు.