స్పేస్ స్టేషన్ కట్టాలంటే సన్‌బోర్డు: ఏళ్ల తరబడి వాడి చెబుతున్న మాట

ఆదివారం వచ్చిందంటే పద్మారావునగర్‌లో మా డైనింగ్ టేబుల్ మీద పాడుబడిన అంతరిక్ష కేంద్రం లేస్తుంది. మాది సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి కథను నడిపే ఆట. ఆ పాత్రల బొమ్మలు 28 మి.మీ. స్కేలువి, అంటే మనిషి బొమ్మ సుమారు అంత ఎత్తుంటుంది; 25 మి.మీ. బేసుల (అడుగు పీటల) మీద నిలబడతాయి. అవి తిరిగే కారిడార్లు, ఇంజిన్ గదులు, ఎయిర్‌లాక్ తలుపులు అన్నీ నేను సన్‌బోర్డు అనే ప్లాస్టిక్ ఫోమ్ షీటుతోనే కడుతున్నాను. ఇక్కడి ఎండలకీ వానలకీ తట్టుకుని ఇప్పటికీ ఆటలోనే ఉన్నాయి. గోడలు, లోహం, యంత్రాలు ఉండే సెట్టుకు హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి సరుకు నాకు దొరకలేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సన్‌బోర్డు అని అడిగితే కొన్ని షాపుల్లో రెండు వైపులా కాగితం అంటించిన మెత్తటి ఫోమ్ అట్ట ఇస్తారు. అది జులై తేమకు వంకరపోతుంది. మనకు కావలసింది పీవీసీ ఫోమ్ షీటు, నేమ్‌బోర్డులు చేసేవాళ్లు వాడేది. నీళ్లలో పడేసినా దానికేం కాదు. నేలకు 5 మి.మీ., గోడలకు 3 మి.మీ. చాలు. పూర్తి షీటు 8 అడుగులకు 4 అడుగులు ఉంటుంది. ఆరంగుళాల చదరాలుగా కోస్తే 128 పలకలు వస్తాయి. అన్ని పలకలు ఉంటే ఒక్క గది కాదు, అంతరిక్ష కేంద్రం మొత్తం వేయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు షీటు కూడా అక్కర్లేదు. బోర్డుల షాపుకెళ్లి "అన్నా, కటింగ్‌ల మిగిలిన ముక్కలున్నయా?" అని అడగండి. కాలేజీ ఫెస్టులైపోయిన వారంలో అడిగితే స్టాండీల (నిలబెట్టే కటౌట్ల) తుక్కు సంచి నిండా దొరుకుతుంది.

దీని అసలు గొప్పతనం చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీసి, టేబుల్ అంచున పెట్టి వంచితే టక్కున విరుగుతుంది, అంచు నిలువుగా వస్తుంది. థర్మోకోల్‌లా పూసలు రాలవు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి గీస్తే గాడి పడుతుంది. నేల మీద అంగుళం గడులు, తలుపు మీద లోహపు రేకుల అతుకులు అన్నీ ఆ పెన్నుతోనే గీస్తాను. గుండ్రటి గోడ కావాలంటే 3 మి.మీ. పట్టీని మరిగే నీళ్లలో ముంచి, పట్టకారుతో తీసి, సీసా చుట్టూ వంచి చన్నీళ్లు పోయాలి. ఆ వంపు అలాగే బిగుసుకుపోతుంది. నాకు ఈ పని ఎంత ఇష్టమంటే, అవసరం లేకపోయినా కేంద్రంలో ఎక్కడో ఒకచోట పైపు సొరంగం పెడతాను.

ఒక సలహా: గోడలు అంగుళం ఎత్తు దాటనివ్వొద్దు. ఫొటోలో ఎత్తు గోడలు బాగుంటాయి కానీ ఆటలో చెయ్యి లోపలికి పోదు, అవతల కూర్చున్నవాళ్లకు బొమ్మలు కనపడవు.

అతుకులకు ఫెవిక్విక్ క్షణాల్లో పట్టేస్తుంది. బరువు మోసే చోట పీవీసీ పైపులకు వాడే సాల్వెంట్ సిమెంటు పల్చగా రాస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. మందంగా రాస్తే ఫోమ్‌నే తినేస్తుంది. బొమ్మల కిట్ల కోసం అమ్మే ప్లాస్టిక్ జిగురు పాలీస్టైరీన్‌కు చేసింది, దీని మీద నమ్ముకోవద్దు. ఇక యంత్రాల హంగు కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తాను. పాత సర్క్యూట్ బోర్డులు, రిబ్బన్ కేబుళ్లు, కీబోర్డు మీటలు, ఏది చూసినా రియాక్టర్ భాగంలాగే కనిపిస్తుంది. 1970లలో హాలీవుడ్ మోడల్ కళాకారులు యుద్ధట్యాంకుల ప్లాస్టిక్ కిట్ల ముక్కలు అతికించి అంతరిక్ష నౌకలు చేశారు, ఇదీ ఆ దారే. ఇంట్లో ఖాళీ అయిన మాత్రల షీటు కంట్రోల్ ప్యానెల్ అవుతుంది, వాడేసిన రేజర్ తల గాలి జాలీ అవుతుంది.

రంగు దగ్గర మాత్రం ఓపిక కావాలి. షీటు పైపొర నున్నగా ఉంటుంది, నేరుగా రంగేస్తే గోటితో గీరినా ఊడుతుంది. 400 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, తర్వాతే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత). కోసిన అంచుల్లో సన్నటి రంధ్రాలుంటాయి; నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు వేస్తే మూసుకుపోతాయి. స్ప్రే డబ్బా థర్మోకోల్‌ను కరిగించినట్టు దీన్ని కరిగించదు. కానీ వానాకాలం తేమలో స్ప్రే చేస్తే ప్రైమర్ సున్నంలా తెల్లబారుతుంది కాబట్టి ఆ నెలల్లో బ్రష్‌తోనే వేస్తాను. గోడలకు ఫెవిక్రిల్ యాక్రిలిక్ రంగులు హాయిగా సరిపోతాయి. ఖరీదైన దిగుమతి రంగులు బొమ్మల ముఖాలకు, దుస్తులకు దాచుకోండి. తుప్పు కోసం అంట్లు తోమే స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమరంగు అద్ది, కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, తలుపు అంచుల మీద తడుతూ పోవాలి. ఆ మచ్చ నడుమ సన్న బ్రష్‌తో వెండిరంగు చుక్క పెడితే పెయింటు పెచ్చులూడి లోపలి ఉక్కు బయటపడినట్టుంటుంది. బోల్టు కింద నీళ్లలాంటి నారింజ చార ఒకటి జార్చండి, చాలు.

ప్రమాదాలు కూడా చెప్పాలి. పీవీసీని లేజర్‌తో కోసినా, వేడి తీగతో కోసినా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు చెడ్డది, యంత్రానికీ తుప్పు పట్టిస్తుంది. కట్టర్ ఒక్కటే వాడండి. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, లేదా తడిపి రుద్దండి. మే నెల ఎండలో మూసిన కారులో పలకల పెట్టె వదిలేయొద్దు, మెత్తబడి వంగుతాయి. షీట్లు గోడకు ఆనించినా అంతే, పడుకోబెట్టే దాచాలి.

గుహలు, బండరాళ్లు, గ్రహాల నేలలు చేయాలనుకుంటే మాత్రం దీని జోలికి రావద్దు. వాటికి గట్టి రకం థర్మోకోల్ తెచ్చుకుని, చాకుతో చెక్కి, స్ప్రే తగలకముందే ఫెవికాల్ పూత వేసుకోండి.